లాలాపేట నుంచి సముద్రపు గోడ దాకా

లాలాపేట నుంచి సముద్రానికి వెళ్ళాలంటే పెద్ద ప్రయాణమేమీ కాదు. పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తిని బయలుదేరితే సాయంత్రం పాలవాడు వచ్చేలోపు ఇల్లు చేరొచ్చు. మేం అలాగే వెళ్ళొచ్చాం.

యూనివర్సిటీలో ఒక సముద్రతీరపు విహార పట్టణం చరిత్రనంతా ఫోటోలుగా గోడలకు తగిలించారని, మా మేడమీద అద్దెకుండి అక్కడే చదువుకునే శిరీష చెప్పింది. గాలి పీల్చుకోవడానికి కట్టుకున్న ఊరికి చరిత్రేమిటని నేను మూతి తిప్పాను. తీరా చూస్తే అది మా తమ్ముడు మల్లయ్య కుర్రతనంలో రాతిపనికి వెళ్ళిన ఊరే. సముద్రం ఒడ్డున గోడ కడుతున్నప్పటి ఫోటో కూడా ఉందని శిరీష అనగానే, నా మరదలు యాదమ్మ చెప్పులేసుకుంది.

తమ్ముడు పోయి ఆరేళ్ళు. ఇంట్లో వాడి ఫోటో అంటే రేషన్ కార్డు మీదిదొక్కటే. అందులో పోలీసులు పట్టుకొచ్చినవాడిలా ఉంటాడు. దాని మీద పేరు కూడా వాడిది కాదు. యాదమ్మ మొగుడి పేరు పలకదు. కార్డు రాసేవాడు అడిగితే, "కొమురెల్లి దేవుని పేరే" అంది. కొమురెల్లి దేవుడంటే మల్లన్న అని తట్టలేదు ఆ మహానుభావుడికి. కొమురయ్య అని రాసి పడేశాడు. మా మల్లయ్య బతికినన్నాళ్ళూ కొమురయ్య బియ్యమే తిన్నాడు.

తొమ్మిదిన్నరకు బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టు. పక్కన కూరగాయల సంచితో కూర్చున్నావిడ, "ఏడికి పోతున్రక్కా?" అంది.

"సముద్రానికి," అన్నాను.

"తార్నాకల దిగి ఈదుకుంట పోండ్రి," అంది, నవ్వకుండానే.

తార్నాక మెట్రో కింద ఆటో మాట్లాడాం. యాభై తీసుకున్నాడు. మీరు వెళితే బేరమాడండి. యాదమ్మ తొందరలో నాకు ఆ అవకాశం రాలేదు. క్యాంపస్ చెట్ల నీడ మాత్రం బాగుంది. అది ఎవరూ ప్రారంభోత్సవం చేయని నీడ కాబట్టి.

హాలు తలుపు తీయలేదు. రిబ్బను కత్తిరించే పెద్దమనిషి రావాలట. పదకొండున్నరకు వచ్చాడు. సముద్రం పిలుస్తుందన్నాడు, సమోసా తిన్నాడు, ఒక్క ఫోటో చూడకుండా వెళ్ళిపోయాడు. సముద్రం పిలిచిందేమో.

లోపల శిరీష ఒక్కో బోర్డూ చదివి వినిపించింది. మొదట ఒక తెల్లదొర దగ్గు తగ్గించుకోవడానికి వచ్చాడట. దగ్గు తగ్గిందో లేదో రాయలేదు గాని బంగళాకు ఎన్ని గదులో రాశారు. అతణ్ణి చూసి జమీందార్లు వచ్చారు, వాళ్ళను చూసి సినిమావాళ్ళు, వాళ్ళను చూడటానికి జనం, జనం కోసం హోటళ్ళు. అంతకుముందు అక్కడ చేపలు పట్టుకున్నవాళ్ళు ఎటు పోయారో ఏ బోర్డూ చెప్పలేదు. ప్రతి ఫోటో కింద మాత్రం పేర్లున్నాయి. దొర, దొరసాని, చివరికి వాళ్ళ కుక్క రోజీ.

ఆఖరి మూలలో మేం వెతుక్కుంటూ వచ్చిన గోడ ఫోటో. రాళ్ళు, తట్టలు, పది పన్నెండు మంది మనుషులు, వెనక నీళ్ళు. యాదమ్మ కొంగుతో అద్దం తుడిచింది.

"గీయన," అంది.

చెవి మీద రుమాలు ముడి, ముడిలో బీడీలు. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేనే మరిచిపోయాను. కింద ఒక్క మాట రాసి ఉంది: కూలీలు.

ఒళ్ళు మండింది. ఫోటోలు పోగేసిన సారు పక్కనే టీ తాగుతున్నాడు. "సార్, కుక్కకు పేరున్నది, మా తమ్మునికి లేదేంది?" అన్నాను.

"పేర్లు దొరకలేదమ్మా."

"మరి కుక్క చెప్పిందా దాని పేరు?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "మీరు చెప్పండి, ఇప్పుడే రాయిస్తా," అన్నాడు. శిరీష చీటీ, స్కెచ్ పెన్ను తెచ్చింది. నేను నోరు తెరిచేలోపే యాదమ్మ నా చెయ్యి పట్టి గుంజింది.

"ఆగు వదినె. కార్డు మీద తప్పు నావల్లనే పడ్డది. నేనే చెప్త."

తల మీద కొంగు సవరించుకుని, ఫోటోనే చూస్తూ ఏదో గొణిగింది.

"వినబడలేదమ్మా," అన్నాడు సారు.

"మల్లయ్య!"

హాలంతా ఇటు తిరిగింది. యాదమ్మ నాలుక కరుచుకుని లెంపలేసుకుంది. కానీ శిరీష ఆ చీటీ అతికించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఒంటిగంటకు క్యాంటీన్లో పులిహోర తిన్నాం. సముద్రం గురించి గోడలనిండా రాసినవాళ్ళకు చిటికెడు ఉప్పు దొరకలేదు.

తిరుగు బస్సులో యాదమ్మ కిటికీలోకి చూస్తూ, "పేరు పెట్టి పలికిన. కోపానికొస్తడా వదినె?" అంది.

"రానియ్యి. పక్కన రోజీ ఉన్నది గదా, దానిమీద అరుస్తడు."

కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఊరికి వెళ్ళి చూడమని నేనెవరికీ చెప్పను. దొరల బంగళాలు ఎప్పుడో కూలిపోయాయట. గోడ మాత్రం ఇంకా అలలకు అడ్డం నిలబడే ఉందట.

లాలాపేటలో దిగేసరికి పక్కింటి సత్తెమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఏడికి పోయొచ్చిన్రు ఇద్దరు?" అంది.

నేను సముద్రం కథ మొదలుపెట్టబోయాను.

"మల్లయ్యను చూసొచ్చినం," అంది యాదమ్మ.