కోటలో దాక్కున్న కెజయా

కెజయా మరో ముగ్గురితో పాత పడవెక్కి వర్జీనియాలోని ప్రభుత్వ సైన్యం కోటకు చేరేసరికి, అమెరికాలో అంతర్యుద్ధం మొదలై రెణ్ణెల్లు కూడా కాలేదు. ఏటి అవతల, బానిసత్వం నిలుపుకోవాలని దేశం నుంచి విడిపోయిన తిరుగుబాటు సైన్యం బానిసలచేత ఫిరంగి గోతులు తవ్విస్తోంది. తనూ బానిసే; వాళ్లకు మొక్కజొన్న రొట్టెలు కాల్చడం నిన్నటిదాకా ఆమె పని.

అంతకుముందు ఆమె చెల్లెలు ఒకసారి పారిపోయింది. చట్టం ఆమెను పట్టి మళ్లీ యజమానికే అప్పగించింది. ఆ తర్వాత చెల్లెలి వీపు మీద కొరడా వాతలు చూసిన కెజయాకు మూడు రోజులు ముద్ద దిగలేదు.

కోటలో సైనికుల బట్టలు ఉతికే పని ఇచ్చారు. మూడోనాడు చొక్కాలు జాడిస్తుండగా మాట్లాడటానికే వచ్చామన్న గుర్తుగా తెల్లగుడ్డ కట్టిన గుర్రం ఒకటి లోపలికి వచ్చింది. దాని మీద ఆమె యజమాని టాలివర్ దొర. ఆమె ఆరేసిన దుప్పట్ల వెనక నక్కింది. సిపాయి వచ్చి కోట అధికారి ముందుకు పిలుచుకుపోయాడు. టాలివర్ అక్కడే ఉన్నాడు.

"ఏమే కెజయా, అమ్మగారికి ఒంట్లో బాలేదే. ఇంటికి పోదాం పద. నేనేం అననులే," అన్నాడు టాలివర్.

చెల్లెల్ని తీసుకుపోయేటప్పుడూ ఇంత మెత్తగానే మాట్లాడాడు.

"బానిసను అప్పగించాలని చట్టంలో ఉంది, కాదనను," అన్నాడు కోట అధికారి. "మరి మీవాళ్లు ఈమెను ఏ పనిలో పెట్టారు?"

"వంటలో," అన్నాడు టాలివర్.

"నువ్వు చెప్పు. ఎక్కడ వంట?" అన్నాడు అధికారి కెజయాతో.

నోరు విప్పాక కూడా అప్పగిస్తే? అప్పుడిక ప్రాణాలతో వదలరు. ఆమె నేల చూపులు చూస్తూ అంది: "ఫిరంగుల దగ్గర, దొరా. పదకొండు గోతులు. నాలుగింట్లో ఫిరంగులు దించేశారు. వాటి మూతులు ఇటువైపే."

అధికారి టాలివర్ వైపు తిరిగాడు. "మీ లెక్కలో బానిస సరుకే కదా. మా మీద యుద్ధానికి వాడిన సరుకును వెనక్కి ఇవ్వం. వెళ్లిరండి."

సరుకు అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అయినా గుర్రం వెనుదిరిగింది.

ఆ కబురు బానిసలు పనిచేసే తోటతోటకూ పాకింది. వారం తిరక్కుండా పిల్లాపాపలతో జనం పడవల్లో దిగసాగారు. వేసవి గడిచేలోగా యుద్ధానికి వాడిన బానిసలను తిరిగి ఇవ్వనక్కర్లేదని దేశమే చట్టం చేయాల్సి వచ్చింది.

ఓ సాయంత్రం, కొత్తగా దిగిన బాలింత ఒకతె ఏడుస్తున్న బిడ్డను ఊపుతూ అడిగింది: "దొర ఎదురుగానే చెప్పావటగా. భయమెయ్యలేదా అక్కా?"

"ఇప్పటికీ వేస్తూనే ఉంది," అంది కెజయా. "ముందు బిడ్డకు పాలియ్యి."