చేతులు వెనక్కి పెట్టుకోమన్నారు

జగదాంబ చేతి మీద చెయ్యి వేసి పని నేర్పేది. కాలిన గాయాల వార్డులో కొత్తగా చేరిన నర్సులందరూ అలా నేర్చుకున్నవాళ్లే. గాయానికి అంటుకుపోయిన గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి, కింద పుట్టిన కొత్త చర్మం లేవకుండా ఊడదీయాలి. ఎంత బలంతో లాగాలో మాటల్లో చెప్పడానికి లేదు. అందుకే కొత్త పిల్ల వేళ్ల మీద తన వేళ్లు ఆనించి లాగించేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "ఒలే, గోడ మీద కాయితం పీకుతన్నాననుకున్నావేటి?" అని తిట్టేది.

ఎనభై మూడులో ఆ వార్డు ఇన్‌చార్జి సిస్టర్ రిటైరైంది. తర్వాతి వంతు జగదాంబది. ఆమెకు కుర్చీ మీద మోజు లేదు. కానీ కొత్తవాళ్లకు పని నేర్పే అధికారం ఇన్‌చార్జిదే, అది ఆమెకు కావాలి. సరిగ్గా అప్పుడే ఆసుపత్రివాళ్లు నాయకత్వ శిక్షణ మొదలుపెట్టారు. అందులో నెగ్గినవాళ్లకే పదవి అన్నారు.

చివరి రోజు ఒక ఆట పెట్టారు. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. నాయకురాలు పక్కన నిలబడి చెప్పాలి. జగదాంబకు పైడమ్మ అనే కొత్త నర్సును ఇచ్చారు. పిల్ల చెయ్యి చెక్కముక్క దొరక్క బల్ల మీద తడుముకుంది. జగదాంబ అలవాటుగా దాని మీద తన చెయ్యి వేసింది.

"చేతులు వెనక్కి పెట్టుకోండమ్మా," అన్నాడు శిక్షణ అధికారి సోమేశ్వరరావు. "నాయకులు పని చెయ్యకూడదు, చేయించాలి."

"సేతులెనక్కెట్టుకు తిరిగీది ఇనిస్పెక్షనుకొచ్చిన సాబులు. నాను నర్సుని బాబూ."

అందరూ నవ్వారు. సోమేశ్వరరావు కూడా నవ్వి, మార్కులు కోసేశాడు. అదే వార్డు నర్సు గౌరీదేవి వంతులో చెక్కలు రెండుసార్లు కూలాయి గానీ ఆమె చేతులు వెనకే ఉన్నాయి. ఆమె ఇన్‌చార్జి అయింది. జగదాంబను ఇంజెక్షన్ల గదికి మార్చారు.

గౌరీదేవికి పని నేర్పింది జగదాంబే. "ఈ కుర్చీ నానడగలేదక్కా," అంది గౌరీదేవి, తల వంచుకుని.

"అడగలేదులే. ఒద్దని కూడా అన్లేదు గదా."

నెల తిరక్కుండా సోమేశ్వరరావు తన శిక్షణ ఫలితం చూపించడానికి అతిథులను వార్డుకు తీసుకొచ్చాడు. అప్పుడు కాలు కాలి నేనూ అక్కడే ఉన్నాను. పక్క మంచం మీద అసిరయ్య, ఊరి పక్క గమ్హరియాలో ఫ్యాక్టరీ పనిలో రెండు చేతులూ కాల్చుకున్న మనిషి. పైడమ్మ అతని కట్టు విప్పుతోంది. గౌరీదేవి మంచం చివర నిలబడి "ధీరే, ధీరే" అని, మెల్లగా లాగమని హిందీలో చెబుతోంది. వెనక్కి పెట్టుకున్న ఆమె వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకోవడం నాకు కనిపించింది.

గుడ్డతో పాటు కొత్త చర్మమూ ఊడి వచ్చింది. అసిరయ్య అరుపుకు అతిథులు బయటికి నడిచారు. పైడమ్మకు ఇంకా శిక్షణ కావాలని సోమేశ్వరరావు రాసుకున్నాడు. రాసుకున్నది పైడమ్మ పేరు. నేర్పగలిగిన మనిషిని ఆ మంచం దగ్గర లేకుండా చేసినవాళ్ల పేరు ఎవరూ రాయలేదు, ఈ రోజుకీ రాయలేదు.

సంగతి తెలిసిన జగదాంబ, ఆ ఆదివారం సిద్ధగోరాలో తన ఇంటికి పైడమ్మను పిలిచింది. ముందే గాజుగుడ్డ ముక్కలు గంజిలో ముంచి, పండు టమాటాలకు అంటించి ఎండబెట్టి ఉంచింది. తొక్క చిరగకుండా వాటిని ఊడదీయాలి. పైడమ్మ వెనకాలే గౌరీదేవి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"అక్కడే నిలబడ్డావేటి?" అంది జగదాంబ. "ఇక్కడ సాబులెవులూ లేరు. వచ్చి పైడి సెయ్యట్టుకో."