ఆదివారం తవ్వని కాలువ

నేలమీద పాకే పురుగు మొదలు పరలోక దూతల వరకు సమస్తాన్నీ కలుగజేసి, ఏ జీవి కాలికి ఎన్ని కీళ్లుండాలో కూడా తానే నిర్ణయించిన దేవునికి స్తోత్రం. ఆయన చేసినవన్నీ మంచివేనని నమ్మి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొన్న తొలకరి పడిన సాయంత్రం ఎర్రమట్టి వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది గాని, వరండా బల్బు చుట్టూ ఒక్క రెక్కల పురుగు కూడా తిరగలేదు. డెబ్భైల చివర్లో, జహీరాబాదు నుంచి మొగుడంపల్లి పోయే దారి పక్కన మా ఇంట్లో, మొదటి వాన పడిందంటే లాంతరు చుట్టూ ఉసిళ్లు ముసిరి జొన్నరొట్టెలో, పుంటికూరలో రాలేవి. తెల్లారితే చెలకలో మఖమల్ గుడ్డ తునకల్లాంటి ఆరుద్ర పురుగులు, గోడ వెంట పాకే రోకలిబండ పురుగులు, వాగు ఒడ్డున ఎండ్రకాయలు, రాయి తిరగేస్తే తోక ఎత్తిన తేలు. నేను భయంతో అమ్మ వెనక నక్కితే, నాకంటే ఐదేళ్లు పెద్దదైన మా అక్క ఎస్తేరు పుల్లతో వాటిని తిప్పి చూస్తూ కాళ్లు లెక్కపెట్టేది. మిడతకు ఆరు, తేలుకు, సాలీడుకు ఎనిమిది, ఎండ్రకాయకు డెక్కలతో కలిపి పది.

“జెర్రికి లెక్కవెట్టవే సూద్దాం,” అని ఏడిపించేది అమ్మ.

“అది ఆగితె గద!” అనేది అక్క.

అక్క అప్పుడు తొమ్మిదో తరగతి. ఆమె సైన్సు సారు ఒకరోజు గుట్ట కింద దొరికిన నల్లరాయి పగలగొట్టి, అందులో ఆవగింజంత పెంకులు చూపించి, ఇవి రొయ్యల తోబుట్టువులు, ఇక్కడ ఒకప్పుడు మడుగు ఉండేది, తేలు, జెర్రి, సాలీడు, మిడత అన్నీ కాళ్లకు కీళ్లుండి పైన పెంకు కప్పుకున్న ఒకే వంశం వాళ్లు, మనిషి పుట్టక ముందే నేలంతా వాళ్లదే అన్నాడట. అక్క రొట్టె తినడం మరిచి ఇదంతా చెప్పింది. మా నాన్న సంఘపెద్ద, వాక్యం నోటికి వచ్చినవాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన నెమ్మదిగా, “దేవుడు మనిషిని ఆఖరుకు చేసిండు బిడ్డా. పురుగులు మనకన్న పెద్దయే,” అన్నాడు.

“పెద్దోళ్లయితె జర అడిగి తినుమను,” అంది అమ్మ, శనగల డబ్బాలో పురుగు ఏరుతూ.

ఆ ఏడు రెండెకరాల్లో పెసర వేశాం. పంట చేతికొస్తే అక్క బడిలో ఉంటుంది. రాకపోతే నాన్నతో చెరుకు నరకడానికి పోతుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని అందరికీ తెలుసు. తొలకరికి మట్టిలోంచి తెల్లరెక్కల పురుగులు లేచాయి. చూడముచ్చటగా ఉన్నాయని మేము చప్పట్లు కొట్టాం. కొన్నాళ్లకు వాటి పిల్లలు, ఎర్రటి బొచ్చు గొంగళ్లు, పక్క చెలక వీరన్న పంట మీద పడ్డాయి. అవి ఆకు తింటుంటే సన్నజల్లు కురుస్తున్న చప్పుడయ్యేది. అక్క ఒకదాన్ని ఆకు మీదికెక్కించుకుని, “ముందటి ఆరే కాళ్లు, ఎనకయి ఉత్త బుడిపెలు,” అని నాకు చూపించింది. అప్పుడు కూడా ఆమె ముఖంలో ఆశ్చర్యమే.

శనివారానికి వీరన్న చెలక ఖాళీ అయింది. ఇక అవి మా వైపే నడుస్తాయి. అంగట్లో మందుపొడి లేదన్నారు. జిల్లేడు కొమ్మలు కొట్టుకొచ్చి వాటికి ఎరగా అడ్డంగా పరిచి, అవి దాటకుండా నలుగురం గట్టు వెంట లోతుగా కాలువ తవ్వాం. చీకటి పడ్డాక వాన పట్టుకుంది. తవ్విన మట్టి జారి కాలువ సగం పూడింది.

తెల్లారితే ఆదివారం. అంతకు ముందు ఏడే నాన్న, ఆదివారం నాగలి కట్టిన ఒకాయనను సంఘం ముందు నిలబెట్టి ఆరు నెలలు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు దూరం పెట్టించాడు. మేము గుడికి బయలుదేరుతుంటే వీరన్న పార భుజాన వేసుకుని వచ్చాడు.

“యాకోబన్నా, నువ్వు గుడికి పో. నాకు శివుని సోమవారం ఉన్నది గని ఆదివారం లేదు. రెండు గంటల్ల కాల్వ కలిపేస్త.”

“నా చెలకల ఎవరు తవ్వినా నేను తవ్వినట్టే వీరన్నా. పరాయోనితోని గూడ పని చేపియ్యొద్దని ఉన్నది.”

“పరాయోణ్ణా నేను?” వీరన్న నవ్వబోయి ఆగాడు. “మరి ఇయ్యాల తినొద్దని పురుగులకు చెప్పిండా మీ దేవుడు?”

నాన్న చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. “నాయినా, నేను ఇంటికాడ ఉంట,” అంది అక్క. “నడువు,” అన్నాడు.

గుడిలో ప్రార్థన అవసరాలు చెప్పమని పాస్టరు అయ్యగారు అడిగినప్పుడు నాన్న లేవలేదు. అక్క లేచింది. “మా చెలకకు గొంగళ్లు వస్తున్నయి. అందరు ఒచ్చి కాల్వ తవ్వెటట్టు ప్రార్థన చెయ్యుండ్రి,” అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పురుగులను గద్దించమని అయ్యగారు చాలాసేపు ప్రార్థించారు. అందరం ఆమెన్ అన్నాం. ఎవరూ కదల్లేదు. నాన్న వంచిన తల ఎత్తలేదు.

మేము తిరిగొచ్చేసరికి పెసర చేనులో పుల్లలు నిలబడి ఉన్నాయి. అమ్మ పండుగ చీరతోనే చేనులో కూర్చుని గొంగళ్లను ఒట్టి చేతులతో ఏరసాగింది. “ఇది పని గాదు,” అంది, ఎవరూ అడగకుండానే. బొచ్చు గుచ్చుకుని అరచేతులు బూరెల్లా పొంగాయి. నాన్న చూస్తూ నిలబడ్డాడు. అమ్మను ఆపలేదు, చేయీ కలపలేదు.

సోమవారం పొద్దు పొడవకముందే పార చప్పుడు వినిపించింది. తినడానికేమీ మిగలని ఆ చేను చుట్టూ నాన్న కాలువ మొత్తం తవ్వాడు. అక్క మట్టి తట్ట మోసింది. ఆ చలికాలం ఇద్దరూ చెరుకు నరకడానికి పోయారు. అక్క మళ్లీ బడికి పోలేదు.

ఆ చెలక ఇప్పుడు ప్లాట్లు. మట్టిలో తెల్లరెక్కలు లేవు, మఖమల్ పురుగులు లేవు, రాయి తిరగేస్తే రాయి కింద మట్టే. అవి కనబడక ఊరికి మేలే జరిగిందేమో, నాకు తెలియదు.

నాన్న చివరి రోజుల్లో దవాఖానలో మంచం పక్కన కూర్చున్న అక్క చేయి పట్టుకుని, “నీ సదువు తిన్నది పురుగులు గాదు బిడ్డా, నేను. దేవునిమాట తప్పొద్దనుకున్న. తప్పిననా, నిలవెట్టుకున్ననా?” అని అడిగాడు. అక్క కొంగుతో ఆయన నోరు తుడిచింది. జవాబు కోసం నాన్న నా వైపు తిరిగాడు. వాక్యం చెప్పేదాన్ని, ప్రతి ఆదివారం స్త్రీల సమాజంలో లేచి ఇతరుల కోసం ప్రార్థించేదాన్ని. నేను ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దాను. జవాబు లేకుండానే ఆయన పోయాడు.

చదువుతున్న మీరు కాసేపు నాతో తలవంచండి. ప్రభువా, నీ మాటకు భయపడి కూతురి బతుకు పోగొట్టిన మా నాన్నకు నేను చెప్పలేని జవాబు నువ్వే చెప్పు. మా అక్కకు కూడా చెప్పు. ఆమె ఇంకా నీ గుడికే వస్తున్నది. ఆమెన్.