అన్నీ బాగుంటే మాట్లాడని పెట్టె

దయ్యాల మీద నాకు నమ్మకం లేదని చెబితే అది మర్యాద మాట. అసలు ఆ కబుర్లు మొదలైతేనే నాకు ఒళ్ళు మండుతుంది. పెనుకొండ బస్సులో ఎవరో ఒకామె కోడలికి గాలి సోకిందని చెబుతుంటే, ముందు రక్తపరీక్ష చేయించమని మధ్యలో దూరి తగవు పెట్టుకున్నదాన్ని నేను. ల్యాబులో మిషను మొరాయించినప్పుడు ఎవరైనా నవ్వులాటకు "దీనికేదో పట్టిందక్కా" అన్నా ఊరుకునేదాన్ని కాదు. పట్టేది ఏమీ ఉండదు, వైరు ఊడి ఉంటుంది చూడు అనేదాన్ని. చూస్తే నిజంగానే వైరు ఊడి ఉండేది.

కాబట్టి ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మీ చోట నేనున్నా నవ్వేదాన్ని. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది పెనుకొండ దగ్గర పల్లె. అమ్మ, నాయన పట్టుపురుగులు మేపుతారు. నేను హిందూపురంలో ఒక కాలేజీలో పరిశోధన చేస్తున్నాను. మా ల్యాబు పని ఏమిటంటే, పురుగుల షెడ్లలో పెట్టడానికి ఒక చిన్న పెట్టె తయారుచేయడం. పట్టుపురుగు మహా సుకుమారం. వేడి కాస్త ఎక్కువైనా, గాలిలో తేమ తగ్గినా రోగం తగులుతుంది. ఒక్క పురుగుకు తగిలితే షెడ్డంతా పాకుతుంది.

మా పెట్టె ఒక చిన్న సోలారు పలకతో నడుస్తుంది. షెడ్డులో వేడినీ తేమనూ కనిపెట్టి, ఆ లెక్కలు ల్యాబుకు పంపుతుంది. రోగం కంటికి కనబడకముందే ఆ లెక్కల్ని బట్టి పసిగట్టేలా కంప్యూటరుకు నేర్పించడం నా పరిశోధన. ఈలోగా షెడ్డులో హద్దు దాటితే పెట్టే నోరు తెరిచి రైతుకు చెబుతుంది. హద్దు దాటినంతసేపూ కాస్త కాస్త ఆగి చెబుతూనే ఉంటుంది. అన్నీ బాగుంటే మాత్రం నోరెత్తదు.

మొదటి పెట్టె మా ఇంట్లోనే పెట్టాము. కొత్తవాళ్ళను షెడ్డులోకి రానిచ్చే రైతు ఎవరూ ఉండరు మరి. నాతో పనిచేసే షఫీది హిందూపురమే, పెట్టెకు ప్రోగ్రాము రాసింది అతనే. వచ్చిన మొదటిరోజే అమ్మ అతన్ని గుమ్మంలో నిలబెట్టేసింది. "ఏమప్పా, అత్తరు పూసుకోని వస్తివి. నా పురుగులకు తలనొప్పి రాదా? పోయి కడుక్కో పో." పాపం షఫీ, బోరు దగ్గర సబ్బు పెట్టి మెడ తోముకుని వచ్చాడు. మా షెడ్డు దగ్గర అంతే. బీడీ కూడదు, తలలో మల్లెపూలు కూడదు, పక్కన తిరగమోత కూడా పెట్టకూడదు.

అప్పుడు పెట్టెకు కంప్యూటరు గొంతు ఉండేది. "ఉష్ణోగ్రత అధికముగా ఉన్నది" అని అది అనగానే అమ్మ చుట్టూ చూసింది.

"ఎవురితో మాట్లాడతాండాది ఇది? కలెక్టరు గాని వచ్చినాడా?"

అందరికంటే ఎక్కువ నవ్వింది మా చెల్లెలు రేణుక. రేణుక ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు కంప్యూటరు మీద వేసే పని చేసేది. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వచ్చేది. "అక్కా, ఇంత సదువుకోని పెట్టెకు మాటలు నేర్పిచ్చేది రాదా నీకు? ఉండు, నేను చెప్తా పట్టు" అంది.

బయట కోళ్ళ గోల అని ఇద్దరం దుప్పటి కప్పుకుని కూర్చుని నా ఫోనులో రికార్డు చేశాం. "వేడి ఎక్కువుండాదప్పా, కిటికీలు తీయండి." "తేమ తగ్గిండాది, గోనెపట్టలు తడపండి." "గాలి ఆడల్యా, తలుపు తీసి పెట్టండి." ఇట్లాంటివే ఇంకో రెండో మూడో. వేడి మాట చివర చిన్నగా దగ్గింది. మళ్ళీ చెప్పమంటే, "మనుషులు దగ్గరా ఏం, ఉండనీలే" అంది. దుప్పటిలో ఉక్కపోసి, నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి వచ్చింది. రేణుక గొంతు పెట్టాక చెన్నేకొత్తపల్లి వైపు రైతులు కూడా మాకూ ఒక పెట్టె కావాలని అడిగారు.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం రేణుక రైలు దిగి ఇంటికి వచ్చి, తలనొప్పి అని పడుకుంది. అమ్మ కాఫీ పెట్టి తెచ్చేసరికి పలకలేదు. హిందూపురం తీసుకొచ్చారు. నేను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. మెదడులో నరం చిట్లిందన్నారు, వెంటనే బెంగుళూరు తీసుకుపొమ్మన్నారు. దారిలోనే పోయింది. తల నా ఒళ్ళోనే ఉంది. ఇంతకంటే రాయలేను.

ఇంట్లో చావు జరిగితే మేము షెడ్డులోకి పోము. అప్పుడున్న పురుగుల్ని పక్కింటివాళ్ళు తీసుకుపోయి మేపుకున్నారు. మా షెడ్డుకు తాళం పడింది. మిగతా ఊళ్ళలో పెట్టెలకు నేను షఫీని అడిగి వేరే గొంతు పెట్టించాను. ముక్కూమొహం తెలియనివాళ్ళ షెడ్లలో నా చెల్లెలు మాట్లాడుతూ ఉండడం నా వల్ల కాలేదు. మా ఇంటి పెట్టె మాత్రం సోలారు పలకకు దుమ్ము పట్టి, ఆగిపోయి తాళంలో ఉండిపోయింది. నేను దాన్ని మరిచిపోయాను.

అమ్మ మనిషి కాకుండా పోయింది. పెడితే తినేది, లేకపోతే లేదు. ఏడిస్తే బాగుండును, ఏడ్చేది కూడా కాదు. గోడకు ఆనుకుని కూర్చునేది. నాయన ఒక్కడే వంట చేసుకుని, ఒక ముద్ద ఆమె నోట్లో పెట్టి, తాను తినేవాడు. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదని నాకు భయం పట్టుకుంది.

అట్లాంటి అమ్మ చలికాలం పోయాక ఒకరోజు తనంతట తానే లేచి, చాకీ పురుగులు తెప్పించమని నాయనతో అంది. గుడ్లు పగిలి కాస్త పెరిగిన పిల్ల పురుగుల్ని చాకీ అంటారు. నాయన నాకు ఫోను చేసి ఏడ్చాడు. "మీయమ్మ లేసిందమ్మా" అన్నాడు. ఆ సంతోషం చూడటానికి నేను ఊరికి పోయాను.

షెడ్డు కడిగి, పలక దుమ్ము తుడిచి, సున్నం కొట్టి, పురుగుల్ని దించారు. నాయన గంపలో ఆకు తెచ్చి పరుస్తున్నాడు. పైన పెట్టె ఉన్నట్టుండి మాట్లాడింది. "తేమ తగ్గిండాది, గోనెపట్టలు తడపండి."

నాయన గంప అక్కడే వదిలేశాడు. బయటికి పోయి నేలమీద కూలబడ్డాడు. అమ్మ మాత్రం కదల్లేదు, తల పైకెత్తి చూస్తూ నిలబడింది. ఇప్పుడే గొంతు మార్చేస్తానని నేను స్టూలు లాక్కుని ఎక్కాను.

"దాని మింద సెయ్యేసినావంటే సూడు" అంది అమ్మ. ఆ గొంతుకు నేను దిగిపోయాను.

పురుగులు పెద్దవయ్యే సమయానికి ల్యాబులో షఫీ నన్ను పిలిచాడు. మా షెడ్డు లెక్కలు వింతగా ఉన్నాయి. మధ్యాహ్నం వేడి ఎగబాకుతోంది, కాసేపటికి దిగుతోంది, మళ్ళీ ఎగబాకుతోంది. దగ్గరి ఊళ్ళలో మా పెట్టెలున్న షెడ్లు మామూలుగా ఉన్నాయి. "సెన్సారు పోయింటాదిలేక్కా" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. నాయనకు ఫోను చేస్తే, పురుగులు ఉబ్బి, పాలలాంటి నీరు కారి చస్తున్నాయన్నాడు. వేడికి వచ్చే రోగమే అది. మర్నాడు కొత్త సెన్సారు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

నేను పోయేసరికి మధ్యాహ్నం దాటింది. నాయన ఆకు కోతకు తోటకు పోయాడు. షెడ్డు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మండే ఎండల్లో ఇదేమిటని తలుపు తోశాను. లోపల, చలికాలంలో షెడ్డు వెచ్చబెట్టే బొగ్గుల కుంపటి రాజుకుని ఉంది. అమ్మ దాని పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ముఖమంతా చెమట. నన్ను చూడలేదు.

"వేడి ఎక్కువుండాదప్పా, కిటికీలు తీయండి" అంది పెట్టె. చివర చిన్న దగ్గు.

"తీస్తాలే పాపా, ఉండు" అంది అమ్మ. ఇంకో నాలుగు బొగ్గులు వేసింది.

అప్పుడు అర్థమైంది నాకు. అయినా నోటికి ముందు వచ్చింది కోపమే. "ఏం చేస్తాండావు మా? పురుగులన్నీ చచ్చిపోతాయి!"

"సావనీ."

"నీకేమన్నా మతి పోయిందా?"

అమ్మ అప్పుడు నావైపు తిరిగింది. "నువ్వు ఫోను చేస్తే మాట్లాడతావు. మీ నాయన ఇంట్లోనే ఉండాడు. అది యాడ మాట్లాడతాది? అంతా బాగుంటే అది మాట్లాడదు గదమ్మా."

ఆ పెట్టె అట్లా తయారుచేసింది మేమే. పోయి కిటికీలు తెరవాల్సింది. కుంపటి బయట పారేయాల్సింది. స్టాండ్ల మీద పురుగులు తలలు ఎత్తి అటూ ఇటూ తడుముకుంటున్నాయి, కొన్ని అప్పటికే కిందపడి ఉన్నాయి. నేను మాత్రం పోయి అమ్మ పక్కన కూర్చున్నాను. ఇంకొక్కసారి వింటాను, తర్వాత తెరుస్తాను అనుకున్నాను. ఇద్దరం పైకి చూస్తూ కూర్చున్నాం. పెట్టె మళ్ళీ మాట్లాడే సమయమైంది. హద్దు దాటితే వెలిగే దాని ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

"సాల్లేమా."

రేణుకే. విసుక్కోలేదు, ఏడవలేదు. తన కంచంలో అమ్మ ఇంకో ముద్ద వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి అనేది చూడండి, అట్లా అంది. తర్వాత పెట్టె ఊరుకుంది. వేడి తగ్గలేదు, ఎర్ర లైటు ఆరలేదు, ప్రోగ్రాము ప్రకారం అది చెబుతూనే ఉండాలి. మళ్ళీ మాట్లాడలేదు.

అమ్మ లేచింది. ఒక్కొక్క కిటికీ తెరిచింది. కుంపటి బయటికి తీసుకుపోయి నీళ్ళు పోసింది. గోనెపట్టలు తడిపి కట్టింది. నేను అట్లాగే కూర్చుని ఉన్నాను. మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు.

ఇది రాసేదాకా నేను పదేపదే పట్టుకుని ఆలోచించిన సంగతి ఒకటుంది. ఏం విన్నానో ఆ రోజు నేను అమ్మకు చెప్పలేదు. ఎండకు, దుఃఖానికి నా చెవులు పోయాయనుకున్నాను. పొద్దుగూకే వేళ నాయన తోట నుంచి రాగానే అమ్మ అతని ఎదురుగా నిలబడి, "పాప సాల్లేమా అనింది" అని చెప్పి, అన్ని నెలల తర్వాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. నేను వింటూ వసారాలో నిలబడి ఉన్నాను. అదే మాట, ఒక్క అక్షరం తేడా లేదు.

పెట్టెను ల్యాబుకు తెచ్చి షఫీతో కలిసి విప్పాను. మాటలు దాచి ఉంచే కార్డులో రేణుక చెప్పిన ఆ కాసిని మాటలే ఉన్నాయి. వాటిలో ఎక్కడా "మా" అనే పిలుపు లేదు. ఆ పెట్టెకు సొంతంగా మాటలు పుట్టించడం రాదు. అది లెక్కలు పంపగలదే గాని బయటినుంచి ఏదీ తీసుకోలేదు. రికార్డు చేసిన రోజు దుప్పటిలో అన్నదేమైనా చివర అతుక్కుని ఉందేమోనని నా ఫోనులోని అసలు రికార్డులన్నీ విన్నాను. అందులో నా నవ్వు ఉంది, కోళ్ళు ఉన్నాయి. ఆ మాట లేదు. ఏ సమయంలో ఏం పలికిందో పెట్టె తానే రాసి పెట్టుకుంటుంది. ఆ మధ్యాహ్నం వేడి మాటే పలికానని రాసి ఉంది.

షఫీ ఆ రాత పైకి చదివాడు. "నువ్వైతే అబద్ధం చెప్పవు గదక్కా" అన్నాడు. పెట్టె మూత బిగించడం మొదలుపెట్టాడు. నేనూ వైరు ఎక్కడైనా ఊడిందేమో చూడమనలేదు.

బతికిన పురుగులు గూళ్ళు కట్టాయి. అమ్మ ఇప్పుడు వేళకు తింటోంది, మాట్లాడుతోంది, షఫీ మా ఇంటికి వెళితే అత్తరు వాసన అని కసురుతోంది. షెడ్డులో కొత్త పెట్టె ఉంది, వేరే గొంతుతో. అలా పెట్టమని అడిగింది అమ్మే. పాతది నేను ల్యాబుకు తెచ్చే రోజు నా చేతికిస్తూ, "ఇంగ నాకొద్దు, నువ్వు పెట్టుకో" అంది.

అది హిందూపురంలో నా గదిలో ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు నేను కిటికీలు మూసి, దాని పక్కన హీటరు పెట్టి కూర్చుంటాను. పెట్టె వేడెక్కుతుంది. రేణుక మాట్లాడుతుంది. కిటికీలు తీయండి అంటుంది, దగ్గుతుంది. కాసేపాగి మళ్ళీ అదే మాట, అదే దగ్గు. చెమటలు కారిపోతున్నా నేను లేవను. పక్క గది అమ్మాయి తలుపు కొట్టినా లేవను.

ఆ రోజు ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఇంత చదివీ చెప్పలేకపోతున్నాను. అమ్మకైతే సాలని చెప్పింది. నాకింకా చెప్పలేదు.