గెలిచినవాళ్లకు పాల్గొన్నట్టు కాగితం

ఫైనల్లో మా పిల్లలు రెండు గోల్స్ కొట్టారు, అవతలి బడి ఒకటి కొట్టింది. విజేతలని రాసిన సర్టిఫికెట్లు అవతలి బడి పిల్లలు ఇంటికి పట్టుకుపోయారు. మా పిల్లల చేతికి ‘పాల్గొన్నారు’ అని రాసినవి వచ్చాయి. ఇందులో నేను కలిపిందీ లేదు, తీసేసిందీ లేదు.

మా బడి అంటే గడ్డిఅన్నారం వెనక సందులో ఉన్న చిన్న హైస్కూలు. నేను అందులో మాస్టర్ని కాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో నలభై ఏళ్లు చీరలు విప్పి చూపించి మళ్లీ మడతపెట్టిన మనిషిని. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం చప్పుడు మధ్య పెరిగాను. చదువు ఐదో తరగతితో ఆగింది. తరువాతిదంతా కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేను చెప్పుకున్నదే. హాకీ కూడా అట్లాగే వచ్చింది. మలక్‌పేటలో సెలవురోజు ఆడేవాళ్లను గీత బయట నిలబడి చూసేవాణ్ని. ఒకనాడు వాళ్లకు మనిషి తక్కువై నన్ను లోపలికి పిలిచారు. ఇక బయటికి రాలేదు. ఆట నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉంటే, పక్కన నిఘంటువు పెట్టుకుని రెండు వానాకాలాలు చదివాను. ఆ తరువాత అంపైర్లతో నా తగాదాలు పేజీ నంబర్లతో సహా సాగేవి.

దుకాణం మానేశాక ఈ బడి హెడ్మిస్ట్రెస్ దగ్గరికి పోయి పిల్లలకు హాకీ నేర్పుతానన్నాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, “నేర్పండి. కిటికీలు మాత్రం పగలకూడదు” అంది. అదే నా నియామక పత్రం.

మా జట్టులో ఆడపిల్లలు పదకొండు మంది. పన్నెండో మనిషి లేదు కనుక ఒకరికి జ్వరమొస్తే మొత్తం జట్టు మంచానపడ్డట్టే. గోల్‌కీపర్ కాళ్లకు కట్టే ప్యాడ్లు, సోఫాలు బాగుచేసే దుకాణంలో మిగిలిన స్పాంజితో నేను కుట్టినవి. కాలనీవాళ్లు పార్కు కోసం వదిలి మరిచిపోయిన జాగా మా మైదానం. అక్కడ బంతి రాయి తగిలి కుడికి, గుంటలో పడి ఎడమకి పోయేది. ఫైనల్ రోజు చదునైన మైదానంలో దిగేసరికి, బంతి ఇంత మర్యాదగా కూడా నడుస్తుందా అని మా పిల్లలు ఆశ్చర్యపోయారు.

అవతలిది ఎల్‌బీ నగర్ వైపు పెద్ద బడి. సొంత బస్సులో దిగారు. మనిషికి రెండు స్టిక్కులు. అరటిపండు ఇవ్వడానికి ఒక మనిషి, తొక్క అందుకోవడానికి ఇంకొక మనిషి. వాళ్ల మాస్టరు నా ప్యాడ్లను చూసి, “బాగున్నాయండీ, ఎక్కడ కొన్నారు?” అని అడిగాడు. నేను నిజమనుకుని జవాబు కూడా చెప్పాను. వెనక నవ్వు వినబడ్డాక గానీ అర్థం కాలేదు. చివరి రెండు నిమిషాల్లో వాళ్లకు వరసగా మూడు పెనాల్టీ కార్నర్లు దొరికాయి. మూడింటినీ మా గోల్‌కీపర్ ఆ ప్యాడ్లతోనే ఆపింది. ఆ తరువాత వాళ్ల మాస్టరు ఎక్కడ కొన్నానని అడగలేదు.

ఈ టోర్నమెంటు నడిపే కమిటీకి ఒక ఆచారం ఉంది. ముఖ్య అతిథి ఫైనల్ అయ్యేదాకా ఉండడు. అందుకని ఆయన ముందే సంతకాలు పెట్టి పోయేట్టు సర్టిఫికెట్లు ముందురోజే సిద్ధం చేస్తారు. పేర్లు లేని కాగితాలు పెద్దమనిషి ముందు పెడితే అమర్యాద అట. అందుకని అందంగా రాసే ఒకాయనతో గెలిచినవాళ్ల పేర్లు కూడా ముందే రాయిస్తారు. ఎవరు గెలుస్తారో ముందురోజే ఎట్లా తెలుస్తుందని అడగకండి. ఏటా గెలిచేవాళ్లున్నారు కదా, వాళ్లే. మిగిలిన బళ్లన్నింటికీ పాల్గొన్నట్టు ఇస్తారు. రెండో స్థానం, మూడో స్థానం లాంటి తలనొప్పులు కమిటీ పెట్టుకోలేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆట అయ్యాక వేదిక మీద కమిటీవాళ్లు సర్టిఫికెట్లు చుట్టచుట్టి రిబ్బను కట్టి ఇచ్చారు. నిబంధనల పుస్తకాన్ని అక్షరం అక్షరం చదివిన మనిషిని, ఆ చుట్ట ఒక్కటీ విప్పలేదు. ఫొటోలో నిటారుగా కనబడాలన్న యావలో ఉన్నాను. ఇంటికి పోయేటప్పుడు సిటీ బస్సులో విప్పింది మా గోల్‌కీపరే.

“తాతా, మనం గెల్చినమా, పాల్గొన్నమా?”

“గెల్చినమే పిచ్చిదానా. మూడు ఆపినవు గదా.”

“మరి గిదేంది? పాల్గొన్నరని రాసిండ్రు. ఆళ్లు అసలు పాల్గొననే లేదా, సక్కగొచ్చి గెల్చిపోయిండ్రా?”

బస్సంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. ఆమెది పదో తరగతి. తండ్రి వనస్థలిపురంలో ఆటో నడుపుతాడు. హాస్టల్ ఉన్న ఒక కాలేజీలో క్రీడల కోటా సీటుకు దరఖాస్తు పెట్టాలంటే మొదటి స్థానం వచ్చిన సర్టిఫికెట్ జతచేయాలి. అది లేకపోతే పెద్దమ్మకు తెలిసినవాళ్ల బట్టల దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడాలని ఇంట్లో అప్పటికే మాట అయిపోయింది. కౌంటర్ దగ్గర నిలబడడమంటే ఏమిటో నాకు నలభై ఏళ్లుగా తెలుసు.

మర్నాడే ఎల్‌బీ నగర్‌లో బేకరీ మీద ఉన్న కమిటీ ఆఫీసు మెట్లెక్కాను. కార్యదర్శి గుంటూరు వైపు మనిషి. చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే నన్ను చంపాడు.

“రండి పెద్దాయనా, కూర్చోండి. మీవాళ్లు భలే ఆడారండీ. మేమంతా మెచ్చుకున్నాం.”

“మెచ్చుకున్నది కాయితం మీద రాయుండ్రి సార్.”

“రాయటానికేముందండీ, రాసే ఆయన ఊరెళ్లాడు.”

“నేను రాస్త తియ్యుండ్రి. నా రాత మంచిగనే ఉంటది.”

“విజేతలవి ప్రింటు చేయించిందే పదహారండీ. ఇచ్చేశాం. ఇచ్చిందాన్ని వెనక్కడిగితే బాగుంటుందా, మీరే చెప్పండి? చిన్నపిల్లలు, మనసు కష్టపెట్టుకుంటారు.”

“మావోళ్లు పెద్దోళ్లా మరి?”

“మీవాళ్లు గట్టివాళ్లండీ,” అన్నాడు ఎంతో ప్రేమగా. “వాళ్లకి ఇలాంటివి అలవాటే కదా.”

నేను కుర్చీ వెనక్కి జరిపి మెట్లు దిగాను.

వారం తిరగకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లరు పక్కన అవతలి బడి ఫ్లెక్సీ లేచింది. పదహారు మంది పిల్లలు నవ్వుతున్నారు, పైన ‘ఛాంపియన్లకు శుభాకాంక్షలు’, మూలన ప్రిన్సిపాల్ ఫొటో పిల్లలందరికన్నా పెద్దగా. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. ఆట అయ్యాక వాళ్లే వచ్చి మావాళ్లతో చేతులు కలిపారు, వాళ్ల కెప్టెన్ మా గోల్‌కీపర్ ప్యాడ్లు ముట్టుకుని చూసింది. ఎవరు గెలిచారో మైదానంలో ఉన్న ఇరవై రెండు మందికీ తెలుసు. తెలియనిది కుర్చీల్లో కూర్చున్నవాళ్లకే.

నేను కమిటీకి ఉత్తరాలు మొదలుపెట్టాను. తెలుగులో రాస్తే ఇంగ్లీషులో పంపమన్నారు. ఇంగ్లీషులో పంపితే, బడి లెటర్‌హెడ్ మీద ఉండాలన్నారు. మా బడికి లెటర్‌హెడ్ ఉండేది, అయిపోయి చాలా కాలమైంది. హెడ్మిస్ట్రెస్ తెల్లకాగితం మీద స్టాంపు వేసి ఇచ్చి, “తాతగారూ, దీంతో ఏమన్నా అవుతుందంటారా?” అంది. కానీ సంతకం పెట్టింది. చాలామంది అంతవరకు కూడా రారు. ఆరో ఉత్తరానికి, రుజువు చూపమన్నారు. వాళ్లు నడిపిన ఆట, వాళ్లు కూర్చుని చూసిన ఆట, రుజువు నేను చూపాలి.

మలక్‌పేటలో ఫైనల్ అంపైర్‌ని వెతికి పట్టుకున్నాను. నా ఈడువాడే. తలుపు తీసి నన్ను చూడగానే, “అరే, నువ్వా! ఇంగ ఏ పేజీ నంబర్ తెచ్చినవ్?” అన్నాడు. చెప్పాను. లోపలికి పోయి, స్కోరు పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

“రెండు, ఒకటి. నేనే రాసిన, నేనే దస్తఖత్ పెట్టిన. ఎవ్వరన్న చూపెట్టుమంటరని ఇన్ని దినాలు ఎదురుచూసిన భాయ్. ఒక్కడు అడగలే.”

ఆ పేజీ జిరాక్సు తీయించి ఏడో ఉత్తరానికి పిన్ను కొట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. గోల్‌కీపర్ రోజూ బడి నుంచి పోతూ మా గుమ్మం ముందు ఆగి, “ఒచ్చిందా తాతా?” అని అడిగేది. దరఖాస్తు గడువు ఇంకా నాలుగు రోజులుందనగా పోస్టుమ్యాన్ లావుపాటి కవరు ఇచ్చిపోయాడు. అందులో సర్టిఫికెట్ల కట్ట, దాని మీద ఈ ఉత్తరం:

“అయ్యా, తమరు పంపిన ఏడు ఉత్తరాలు అందినవి. స్కోరు పుస్తకం నకలు పరిశీలించగా ఫైనల్లో మీ పాఠశాల గెలిచినట్లు తెలియవచ్చినది. ఇందుకు కమిటీ హర్షం వ్యక్తపరచుచున్నది. విజేతల సర్టిఫికెట్లు పదహారు జతపరిచితిమి. ముఖ్య అతిథి గారు అందుబాటులో లేనందున వారి సంతకం రబ్బరు స్టాంపుతో వేయడమైనది. మీ క్రీడాకారిణుల పేర్లు మా వద్ద లేనందున ఆ జాగా ఖాళీగా వదిలితిమి. చక్కని చేతిరాత గలవారిచే నింపించుకొనగలరు. ఇదివరకు ఇచ్చిన సర్టిఫికెట్లను వెనుకకు కోరుట మర్యాద కాదు గనుక అవి కూడా చెల్లును. కావున ఈ సంవత్సరం విజేతలు ఇద్దరు. ఇకమీదట ఉత్తరాలు వ్రాయవద్దని మనవి.”