జ్వరమొస్తే చేయవలసిన నంబరు

స్కూలు బస్సులు తిప్పే ఆ షెడ్డులో డ్యూటీలు వేసేది బాబురావు. శాలిబండలో ఇల్లు. పొద్దున ఐదింటికల్లా చాంద్రాయణగుట్ట షెడ్డులో ఉంటాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క రోజు నాగా పెట్టలేదు. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెబుతాడు.

ఊళ్లో ఫ్లూ జ్వరాలు పెరుగుతున్నాయని యజమాని జాగ్రత్తల పనంతా ఆయనకే అప్పగించాడు. ఇంకేముంది, మనిషి నేల మీద నిలబడితే ఒట్టు! మూడు భాషల్లో బోర్డు రాయించాడు: ‘జ్వరమొస్తే డ్యూటీకి రావద్దు. ఫోన్ చేయండి. జీతం కోత లేదు.’ కింద తన నంబరు, అరచెయ్యంత అంకెల్లో.

నిజానికి ఈ హడావిడంతా షెడ్డు ఊడ్చే నాగమణమ్మ కోసం. క్షయతో ఆమె ఊపిరితిత్తి ఒకటి ఎప్పుడో పాడైంది. ఫ్లూ సోకితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. బాబురావు ఉద్యోగంలో చేరిన రోజు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టిన మనిషి ఆమె. ఆమెకేమన్నా అయితే ఆయన తట్టుకోలేడు.

పది రోజులైనా ఒక్క ఫోనూ రాలేదు. “మన షెడ్డుల జ్వరమన్న మాటే లేదు!” అని యజమాని ముందు మీసం దువ్వుకున్నాడు. పదకొండో రోజు బస్సు దిగుతూనే ఆయా మహేశ్వరి కళ్లు తిరిగి కూలబడింది. నాగమణమ్మే ఒళ్లో పడుకోబెట్టుకుని మొహం మీద నీళ్లు చల్లింది.

“మూడు దినాల సంది జ్వరమట! ఫోన్ ఎందుకు చెయ్యలే?” అని ఎగిరాడు బాబురావు.

“ఫోన్ లేపేది మీరే గద సార్,” అంది మహేశ్వరి. “ పోయినేడు డెంగీ వచ్చిందని చేస్తే ఏమన్నరు? ‘నాటకాలు బంద్ చేసి బండెక్కు’ అన్లేదా?”

అన్నాడు. ఆమెనే కాదు, అందరినీ అన్నాడు. ‘నా అంత తెలివైనోడు ఈ చాంద్రాయణగుట్టల ఇంకొకడు లేడు’ అని ఇప్పుడు ఆయనే తనను తాను ఎగతాళి చేసుకుంటాడు.

మూడో నాటికి నాగమణమ్మ చీపురు పట్టుకునే దగ్గుతోంది. ఆయనే ఆటో ఎక్కించి ఆసుపత్రికి పరుగెత్తాడు.

“జ్వరమొచ్చిందని నువ్వన్నా చెప్పొద్దా అమ్మా?”

“తిడతవని బిడ్డా,” అంది ఆయాసపడుతూ.

తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. వార్డు బయట బెంచీ మీద కూర్చుని బాబురావు తనను తాను తిట్టుకున్నాడు. ఇతరులను తిట్టినంత హాయిగా మాత్రం లేదు.

దేవుడి దయవల్ల బతికింది. ఊడ్చే పని మాన్పించి ఆమెను ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. బోర్డు మీద తన నంబరు బాబురావే చెరిపి ఆమె నంబరు రాశాడు. మొదటి వారంలోనే ఏడు ఫోన్లొచ్చాయి. ఎనిమిదోది బాబురావుది.

“అమ్మా, నేను... రాత్రి సంది జ్వరం. అమ్మతోడు, నిజంగనే. నాటకం గాదు. కావాల్నంటే థర్మామీటర్ ఫోటో పంపిస్త...”

“నాటకమా అని నిన్నెవరడిగిండ్రు బిడ్డా?” అంది నాగమణమ్మ. “ఏమన్న తిన్నవా?”

ఇరవై రెండేళ్లలో ఆ మాట తను ఒక్కరినీ అడగలేదు. “ఇంక తిన్లే అమ్మా,” అన్నాడు బాబురావు.