సుభద్రమ్మ సంచుల్లో అమ్మ పసుపు

సంచుల్లో పసుపు వేయడం మొదలుపెట్టిన మూడో ఏడాదికి మా చెల్లెలు సుభద్రమ్మ గెలిచింది. ఒక్క సిమెంటు సంచిలోంచి కిలోన్నర పచ్చిపసుపు తీసింది. అంతకుముందు రెండేళ్లూ తీసిందంతా కుళ్లే.

చీపురుపల్లిలో అద్దె ఇల్లు, సెంటు నేల లేదు. మా అమ్మ పెరటి విత్తనంలో మిగిలినవి మూడే కొమ్ములు. రెండు పోయాయి. మూడోదాన్ని కన్నుకో ముక్కగా కోసి, బూడిదలో దొర్లించి, సంచి అడుగున చిల్లులు పొడిచి నాటింది. అదే నిలిచింది.

ఇప్పుడు ఇరవై రెండు సంచులు. మహిళా సంఘాల పోటీలో మొదటి బహుమతిగా ప్రెషర్ కుక్కరు కొట్టింది. పసుపు ఉడకేసేది అందులోనే. పదకొండు ఇళ్లకు విత్తనం పంచితే అందరూ కూరల్లో వేసుకు తినేశారు. అమ్మ విత్తనం మళ్లీ దాని దగ్గరే మిగిలింది.

ఈ జనవరిలో కంటి ఆపరేషనుకని శ్రీకాకుళంలో కొడుకు గిరిబాబు ఇంటికి వెళ్తూ, ఆకు పండితే నీళ్లు ఆపెయ్యమని నాకు చెప్పింది. తీరా ఆకులు పండి వాలిపోతుంటే నాకు మనసొప్పలేదు. వారం రోజులు రెండు పూటలా పోశాను. ఎనిమిదో నాడు కుళ్లు వాసన. భయపడుతూ ఫోన్ చేశాను.

"నీల్లు పోసీసినావేటి అన్నయ్యా?"

"ఎండిపోతన్నాయని పోసినానే."

"ఎండాలనే కదా సెప్పినాను! నిద్రపోతన్నోడి నోట్లో గంజి పోసినట్టున్నాది నీ పని. వాసన ఏ సంచులది? మెట్ల కింద రెండూనా?"

సరిగ్గా అవే. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అంత దూరాన కూర్చున్న మనిషికి ఎలా తెలిసింది?

"అక్కడ ఎండ పడదు. ఆ రెండూ వదిలీ. మిగతావాట్లో సెయ్యెట్టి నొక్కి సూడు. మెత్తగుంటే పోయింది, రాయిలాగుంటే బతికున్నాది."

మోచేతి దాకా మట్టిలోకి పెట్టాను. ఒక్కొక్క సంచీ నొక్కి చూశాను. ఇరవైలోనూ రాయే. అరవై ఏళ్ల కిందటి అమ్మ పెరడు నా వేళ్లకు తగిలింది.

"ఉన్నాదే సుభద్రా! తవ్వీమంటావా?"

"ముట్టుకోకు! నువ్వు తవ్వితే కొమ్ములిరిగిపోతాయి. నేనొచ్చీదాకా సూడ్డమే నీ పని."

చూస్తున్నాను. వంగొచ్చని డాక్టరు చెప్పిన మర్నాడే బస్సెక్కుతుందట. ఆ రోజు ఫిబ్రవరి పన్నెండు, గురువారం.